ఆటలో చెయ్యి

పిడుగు తల్లికి ఆ థెరపిస్టంటే మొదటి రోజే ఒళ్లు మండింది.

ఆ రోజు ఆమె కూతుర్ని థెరపీ గదిలోకి నడిపించుకొచ్చి, పరుపు పరిచిన బల్ల మీద కూర్చోబెట్టింది. బూట్లు విప్పింది. ఎడమకాలికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పింది. చొక్కా చేతులు పైకి మడిచి, మూతి తుడిచి, నుదుటి మీది జుట్టు సవరించి పక్కకు తప్పుకుంది. థెరపిస్టు చేతులు కట్టుకుని ఇదంతా చూసింది. పొట్టి మనిషి. నవ్వడానికి ఎవరి అనుమతో కావాలన్నట్టుండే మొహం. గదిలో ఇంకా కొందరు తల్లులు వాళ్ల పిల్లలతో ఉన్నారు.

"అన్నీ మీరే చేస్తారా?" అని అడిగింది థెరపిస్టు.

"నేను కాక ఇంకెవరు చేస్తారు?"

"ఆ పిల్ల చేసుకోవాలి. ఎడమ చెయ్యి ఇలా బిగుసుకుపోవడానికి సగం కారణం జబ్బు. మిగతా సగం మీరు."

గదిలో తల్లులందరూ ఒక్కసారి తలలు తిప్పారు. పిడుగు తల్లికి చెంప మీద కొట్టినట్టయింది. ఏదో అనబోయి, కూతురి బూట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

పిడుగు అసలు పేరు బళ్లో తప్ప ఎక్కడా వినపడదు. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తుంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని, పిడికిలి బిగించి, ఎవరో లాక్కుంటారన్నట్టు పొట్టకు ఆనించి ఉంటుంది. మాట మాత్రం తిన్నగా వచ్చి, వచ్చినప్పటి నుంచీ ఆగలేదు. మాటలు నేర్చిన ఏడాదే ఇంటికొచ్చిన చుట్టాన్ని "నువ్వెప్పుడు పోతావు?" అని అడిగితే, తండ్రి మురిసిపోయి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు పదేళ్లు. పేరుకు న్యాయం చేస్తూనే ఉంది.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడ ఎవరు ఇరుక్కుపోయినా పరుగెత్తాలి. తల్లిది ఒక పెద్ద హోటల్లో లాండ్రీ పని. ఆవిరి యంత్రాల మధ్య దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టాలి. పొద్దున్నే షిఫ్టు. చొక్కా గుండీలు పిల్ల చేత పెట్టించి, అది పెట్టుకునేదాకా నిలబడే తీరిక ఆమెకు ఏ రోజూ లేదు. రెండు నిమిషాల్లో తనే తొడిగేసి, తనే తినిపించేసి, స్కూలు వ్యాను ఎక్కించేసి పరుగెత్తేది. ఆ సంగతి థెరపిస్టు అడగలేదు. ఈమె చెప్పలేదు. అడగని మనిషికి చెప్పుకోవడమంటే అడుక్కోవడమేనని ఆమె అభిప్రాయం.

"వేరే సెంటరు చూద్దామా?" అన్నాడు తండ్రి ఆ సాయంత్రం.

"ఎందుకు? ఆవిడకు భయపడి పారిపోయామనుకోవడానికా?" అంది తల్లి.

పిడుగు కూడా మొదట్లో తల్లి పక్షమే. బిగిసిన చేతిని థెరపిస్టు పట్టుకుని మెల్లగా సాగదీస్తుంటే గది పైకప్పు లేచిపోయేలా అరిచేది. "వదులు! నీ చెయ్యి విరగ్గొట్టుకో పో!" అనేది. తలుపవతల తల్లి ఆ అరుపులు వింటూ పళ్లు నూరుకునేది. మనసులో ఒక మూల మాత్రం, చెప్పుకుంటే సిగ్గు, కాస్త తృప్తిగా ఉండేది.

ఆ తృప్తి ఆ కొత్త ఆట వచ్చేదాకానే.

సెంటరు డైరెక్టర్ ఎక్కడి నుంచో తెప్పించాడు. కళ్లకు కట్టుకునే హెడ్‌సెట్, రెండు చేతులకూ తొడిగే పట్టీలు, ఒక కంప్యూటరు. పెట్టుకోగానే పిల్ల ఒక కొండ అంచున నిలబడి ఉంటుంది. చుట్టూ ఆకాశం. రంగురంగుల పిట్టలు ఎగురుకుంటూ వస్తాయి. ఎడమ చెయ్యి చాపితే అరచేతిలో వాలతాయి. వాలిన పిట్టను పైన కొమ్మ మీదున్న గూటికి చేర్చాలి. పిల్ల లోపల చూసేదంతా గోడ మీది టీవీలో బయటివాళ్లకూ కనిపిస్తుంది.

మొదటి రోజు ఆడి బయటికొచ్చిన పిడుగు మొహం చూసి తల్లి గుర్తుపట్టలేదు. బుగ్గలు ఎర్రబడ్డాయి. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుంది.

"అమ్మా! నా చెయ్యి పైకి లేచింది! తల మీదికి! పిట్టను గూట్లో పెట్టాను!"

"ఏదీ, చూపించు."

"ఇక్కడ రాదే, ఆటలో."

"ఆటలో లేస్తే ఏం లాభం?"

పిడుగు మొహం మాడ్చుకుంది. "నీకెప్పుడూ ఏదీ బాగుండదు," అని బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇంట్లో వేరే కబురు లేదు. పిట్టలు, గూళ్లు, మేడం. మేడం ఇలా అంది, మేడం అలా అంది. చేతిని సాగదీస్తే అరిచే పిల్ల ఇప్పుడు సెంటరుకు ముందే తయారై తలుపు దగ్గర నిలబడుతోంది. తల్లి వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం మొదలెట్టింది.

"పిల్ల సంతోషంగా ఉంది కదే," అన్నాడు తండ్రి.

"నాకూ కళ్లకు గంతలు కట్టండి. నేనూ సంతోషంగా ఉంటాను."

ఒక ఆదివారం భోజనాల దగ్గర పిడుగు మళ్లీ మొదలెట్టింది. ఆ వారం ఎన్నడూ లేనన్ని పిట్టలు పట్టిందట. పైకొమ్మ గూడు కూడా నింపేసిందట. తల్లి లేచి ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, పిల్ల ఎడమ పక్కన, కాస్త దూరంగా పెట్టింది.

"అంత ఎత్తు లేచే చెయ్యి ఈ గ్లాసు అందుకోలేదా? అందుకో."

"ఏమిటది ఇప్పుడు?" అన్నాడు తండ్రి.

"మీరు ఊరుకోండి. అందుకోనీండి."

పిడుగు తల్లిని కొరకొర చూసి, ఎడమ చెయ్యి చాపబోయింది. మోచెయ్యి పొట్టను వదిలి కొంచెం ముందుకొచ్చి ఆగిపోయింది. భుజం వణికింది. పిల్ల మొత్తం శరీరంతో అటు వాలింది. పిడికిలి గ్లాసుకు తగిలింది. గ్లాసు దొర్లి కింద పడి భళ్లున పగిలింది.

నీళ్లు బల్ల అంచు నుంచి కారుతున్నాయి.

"ఆ పెట్టె నీకు అబద్ధం చెప్తోంది," అంది తల్లి.

"నువ్వే చెప్తున్నావు! నీకు నా చెయ్యి బాగవడం ఇష్టం లేదు!" పిడుగు కుడిచేత్తో పళ్లెం తోసేసింది. "మేడం చెప్పింది. కొంతమంది అమ్మలకు పిల్లలు ఎప్పటికీ చంటిపిల్లల్లాగే ఉండాలట!"

ఆ మాట తల్లికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గాజు పెంకులు ఏరుతూ ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. మర్నాడు లాండ్రీలో సెలవు పెట్టి, కూతురి వెంట సెంటరుకు వెళ్లింది.

పిల్లలు ఆడుతున్నప్పుడు తల్లులు లోపల ఉండకూడదని థెరపిస్టు నియమం. తలుపుకు కంటి ఎత్తున చిన్న అద్దం మాత్రం ఉంది. తల్లి ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. ముందు ఆమె కళ్లు కూడా టీవీ మీదికే పోయాయి. ఆకాశం, ఎర్రపిట్ట, చాచిన లేత చెయ్యి, అది నిటారుగా పైకి లేచి, పిట్టను గూట్లో దించడం. ఒక్క క్షణం ఆమె గుండె కూడా దానితో పాటు పైకి లేచింది. తర్వాత బలవంతాన కళ్లు తిప్పి కూతుర్ని చూసింది.

పిల్ల చెయ్యి పొట్ట దగ్గరే ఉంది. పొట్టకూ చేతికీ మధ్య ఒక పుస్తకం పట్టేంత సందు వచ్చింది. అంతే. టీవీలో చెయ్యి ఆకాశంలో ఉంది.

ఆట అయ్యాక ఆమె థెరపిస్టును పరికరాలు సర్దే చిన్న గదిలో పట్టుకుంది. తలుపు మూసింది.

"నా కూతురి చెయ్యి బెత్తెడు కూడా కదల్లేదు. టీవీలో మాత్రం తలమీదికి పోయింది. ఏమిటిది?"

థెరపిస్టు తడబడలేదు. "దాన్ని సాయం అంటాం. పిల్ల కొంచెం కదిపితే ఆటలో ఎక్కువ కదిలినట్టు చూపిస్తుంది. లేకపోతే మొదటి రోజే ఏడ్చి వదిలేస్తారు. చెయ్యి అలవాటుపడేకొద్దీ సాయం తగ్గిస్తూ పోవాలి."

"తగ్గించారా?"

థెరపిస్టు కింద రాలిన పట్టీ ఒకటి తీసి, చుట్ట చుట్టి, మళ్లీ విప్పింది.

"రెండు సార్లు తగ్గించాను. పిట్టలు తగ్గాయి. డైరెక్టర్ మళ్లీ పెంచమన్నారు. వచ్చే వారం అతిథులు వస్తున్నారు. ఇంకా చాలా సెంటర్లలో ఈ ఆట పెట్టాలా వద్దా అని చూడ్డానికి. వాళ్ల ముందు మీ అమ్మాయి ఆడాలి."

"అంటే నా బిడ్డను బొమ్మలా ఆడిస్తున్నారు."

"మీ బిడ్డ రోజూ ఆ చెయ్యి కదపాలని ఇష్టంగా వస్తోంది. పదేళ్లలో మీరు ఆ పని చేయించగలిగారా?"

"అబద్ధం చెప్పి చేయించలేదు."

"నిజం చెప్పి అసలే చేయించలేదు." థెరపిస్టు గొంతు తగ్గించింది. "చూడండి. వాళ్లు వచ్చి వెళ్లాక నేనే తగ్గిస్తాను. నేనే మెల్లగా చెప్తాను. మీరు మాత్రం చెప్పకండి. మీరు చెప్పే పద్ధతి నాకు తెలుసు. గ్లాసు సంగతి చెప్పింది నాతో."

తల్లి తలుపు తీసుకుని బయటికొచ్చేసింది. ఇంటి గొడవ కూడా ఈవిడ దాకా వచ్చిందన్నమాట. చెప్పకూడదని ఆ వారమంతా నిజంగానే నోరు కట్టుకుంది. థెరపిస్టు అడిగినందుకు కాదు. గ్లాసు పగిలినప్పుడు కూతురు చూసిన చూపు మళ్లీ చూడటానికి ఆమెకు ధైర్యం లేదు.

అతిథులు వచ్చిన రోజు గది నిండిపోయింది. కుర్చీలు వరసగా వేశారు. టీవీని గోడ మధ్యకు జరిపారు. డైరెక్టర్ సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఎవరో ఫొటో తీస్తున్నట్టు నిలబడే మనిషి. ఆ రోజు తల్లిదండ్రులను కూడా లోపలికి రానిచ్చారు. తండ్రి లిఫ్టు పని మధ్యలో వచ్చాడు. చేతులకు గ్రీజు మరకలతో వెనక గోడకు ఆనుకున్నాడు. తల్లి అతని పక్కన నిలబడింది.

పిడుగుకు కొత్త చొక్కా తొడిగారు. హెడ్‌సెట్ పెట్టారు. పిట్టలు మొదలయ్యాయి.

ఒక్కొక్క పిట్టా వాలుతుంటే గదిలో చప్పట్లు. ఆ చప్పట్లకు పిడుగు నోరు చెవుల దాకా సాగింది. డైరెక్టర్ మైకు పట్టుకుని టీవీ వైపు చెయ్యి చూపించాడు.

"ఈ పాప ఇక్కడికి వచ్చినప్పుడు ఎడమ చెయ్యి అసలు కదిలేది కాదు. ఇప్పుడు మీరే చూడండి. తల పైకి ఎత్తుతోంది!"

అందరూ టీవీనే చూస్తున్నారు. తల్లి ఆ వరసలన్నీ కలియజూసింది. ఒక్క మనిషి కళ్లు కూడా పిల్ల మీద లేవు. గది మధ్యలో, కొత్త చొక్కాలో, కళ్లకు పెట్టె కట్టుకుని, బిగిసిన పిడికిలి పొట్ట ముందు వణికిస్తూ తన కూతురు ఒంటరిగా నిలబడి ఉంది. అంతమంది ఆకాశంలోని చేతికి చప్పట్లు కొడుతున్నారు.

తనేం చేస్తోందో తెలిసేలోపే ఆమె అరిచేసింది.

"అది కాదు నా కూతురు! టీవీ వదిలి పిల్లను చూడండి! చెయ్యి ఎక్కడుందో చూడండి!"

చప్పట్లు ఆగిపోయాయి. తలలన్నీ ముందు ఆమె వైపు, తర్వాత పిల్ల వైపు తిరిగాయి. పిడుగు కుడిచేత్తో హెడ్‌సెట్ పైకి లాగింది. వెలుతురుకు కళ్లు చికిలించి, ముందు టీవీ చూసింది. అందులో చెయ్యి ఇంకా పైనే ఉంది. తర్వాత తల దించి తన చెయ్యి చూసుకుంది.

డైరెక్టర్ నవ్వు అతికించుకుని, "తల్లులకు ఆవేశం సహజం. సాంకేతికంగా చూస్తే..." అని ఏదో మొదలెట్టాడు.

"మేడం," అంది పిడుగు. "అది నిజంగా నా చెయ్యేనా?"

థెరపిస్టు కంప్యూటరు పక్కన నిలబడి ఉంది. డైరెక్టర్ ఆమెను చూశాడు. ఆ చూపులో ఏం చెప్పాలో ఉంది.

"కొంచెమే నీది," అంది థెరపిస్టు. "మిగతాది ఆట చేసింది."

"ఎప్పట్నించి?"

"మొదటి నించి."

గోల చేస్తుందనుకున్నారు అందరూ. పిడుగు గోల చెయ్యలేదు. హెడ్‌సెట్ తీసి కుర్చీలో పెట్టింది. చేతి పట్టీ కుడిచేత్తో పీకింది. కాలు ఈడ్చుకుంటూ వరసల మధ్య నుంచి తల్లి దగ్గరికొచ్చి ఆగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి, ఇంట్లో చెప్పకుండా, ఇంతమంది ముందు చెప్పావు."

పిడుగు తండ్రి గ్రీజు చెయ్యి పట్టుకుని, "నాన్నా, పోదాం పద," అంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, ఇంట్లో పిడుగు పడితేనే నయమనిపించింది. పిల్ల సెంటరు పేరెత్తనివ్వలేదు. తల్లితో ఒక్క మాట లేదు. పొద్దున తల్లి చొక్కా పట్టుకుని దగ్గరికెళితే, లాక్కుని గదిలోకి పోయి తలుపేసుకునేది. ఎంతసేపటికో చొక్కా తిరగేసి తొడుక్కుని, ఒక గుండీ ఎక్కడో ఇంకోటి ఎక్కడో పెట్టుకుని బయటికొచ్చేది. వ్యాను హారన్ కొట్టీ కొట్టీ వెళ్లిపోయేది. బస్సులో దింపి వచ్చేసరికి తల్లికి షిఫ్టు ఆలస్యం. లాండ్రీ సూపర్‌వైజర్ అందరి ముందూ దులిపేసేవాడు.

"సరి చేస్తాను, ఇటు రా," అని తల్లి ఒకసారి గుండీల మీద చెయ్యి వేయబోతే, పిడుగు ఆ చేతిని పక్కకు కొట్టింది. గట్టిగానే కొట్టింది.

"మీరైనా చెప్పండి దానికి," అంది తల్లి భర్తతో.

"ఇద్దరి మధ్య ఇరుక్కున్నాను. నన్ను తీయడానికి మెకానిక్ ఎవరూ లేరు," అన్నాడతను. నవ్వించాలని అన్నాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, బళ్లో సెలవు రోజు, పిడుగు తనే బూట్లు తొడుక్కుని వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నన్ను సెంటరుకు తీసుకెళ్లు. ఆవిడతో పనుంది."

తండ్రికి అప్పుడే ఫోనొచ్చింది, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని. తల్లి తాళాలు తీసుకుని లేచింది. పిడుగు ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, ముందు నడిచింది.

థెరపీ గదిలో కుర్చీల వరసలు లేవు. థెరపిస్టు ఒక్కతే పరుపులు తుడుస్తోంది. అతిథులు ఏం తేల్చకుండానే వెళ్లిపోయారనీ, డైరెక్టర్ ఆవిడతో మాట్లాడటం మానేశాడనీ బయట ఎవరో అనుకుంటుంటే తల్లి విన్నది. విని జాలి పడలేదు. సంతోషించనూ లేకపోయింది.

"ఆ సాయం ఉంది చూడు," అంది పిడుగు గుమ్మంలోంచే. "అది మొత్తం తీసెయ్యి."

"మొత్తం తీస్తే ఒక్క పిట్ట కూడా వాలదు."

"వాలకపోతే పోనీ."

"ఏడుస్తావు."

"నువ్వు చూస్తుండగా ఏడవను."

థెరపిస్టు చేతులు తుడుచుకుని కంప్యూటరు పెట్టింది. తల్లి అలవాటుగా బయటికి వెళ్లబోయింది.

"నువ్వెక్కడికి?" అంది పిడుగు. ఇన్నాళ్ల తర్వాత తల్లితో అదే మొదటి మాట. "ఇక్కడే ఉండు. టీవీ చూడొద్దు. నా చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో చూసి చెప్పు. ఎలాగూ నాలో తప్పులు పట్టడం నీకు బాగా వచ్చు కదా."

తల్లులు లోపల ఉండకూడదని థెరపిస్టు అనలేదు. ఒక కుర్చీ కాలితో ఇటు తోసింది. తల్లి కూర్చోలేదు.

పిట్టలు వచ్చాయి. పిడుగు చెయ్యి చాపింది. పిట్టలు పక్కనుంచి వెళ్లిపోయాయి.

"ఎక్కడిదాకా?"

"రాలేదు," అంది తల్లి.

"ఇప్పుడు?"

"కొంచెం. మళ్లీ పోయింది."

"దొంగ పిట్టలు!" అని పిడుగు వాటిని తిట్టడం మొదలెట్టింది. ఆ తిట్లు ఎక్కడ నేర్చిందో తల్లికి అర్థం కాలేదు. లిఫ్టు మెకానిక్ కూతురు కాబట్టి, కొన్ని ఎక్కడివో మాత్రం తెలిసింది.

"భుజం ఎగరేసి మోసం చెయ్యకు," అంది థెరపిస్టు. "భుజం దించు. మోచెయ్యి చాపు."

"నువ్వా, మోసం గురించి చెప్పేది!"

"నేనే. నాకు బాగా తెలుసు కాబట్టే చెప్తున్నాను. భుజం దించు."

పిడుగు పళ్లు కరుచుకుని భుజం దించింది.

ఆ రోజు ఒక్క పిట్టా వాలలేదు. తర్వాత వెళ్లినప్పుడూ వాలలేదు. ఆట పేరు చెప్పుకుని ముగ్గురు ఆడవాళ్లు గదిలో కొట్లాడుకోవడమే మిగిలింది. పిల్ల థెరపిస్టును తిట్టేది. ఆవిడ తిట్లు పట్టించుకోకుండా చేతిని పట్టి సాగదీసేది. పిల్ల అరిచేది, కానీ వదలమని మాత్రం ఇప్పుడు అనేది కాదు. తల్లి "రాలేదు", "రాలేదు" అంటూ నిలబడేది. లాండ్రీలో ఆవిరికి కాలిన చేతులకన్నా ఆ మాట అనడం ఆమెకు ఎక్కువ మండేది. సాయంత్రం షిఫ్టు అడిగి మార్పించుకుంది. ఎందుకని సూపర్‌వైజర్ అడిగితే, "నా కూతుర్ని చూసి 'రాలేదు' అని చెప్పడానికి," అంది. అతనికేం అర్థం కాలేదు.

ఒక రోజు పిడుగు బాగా అలిసిపోయింది. చొక్కా వీపుకు అతుక్కుంది. హెడ్‌సెట్ కింద బుగ్గ మీదుగా కారేది చెమటో కన్నీళ్లో తెలియలేదు.

"ఎక్కడిదాకా?" అంది. గొంతులో పౌరుషం తగ్గింది.

తల్లికి ఆ గొంతు వినబుద్ధి కాలేదు. "వచ్చింది," అంది. "చాలా దూరం వచ్చింది తల్లీ."

పిడుగు ఆగిపోయింది.

"ఎంత దూరం?"

తల్లి తల దించుకుంది.

"వచ్చిందో లేదో నాకు తెలీదా? కొండ కనిపిస్తుంది కానీ చెయ్యి నాదే కదా!" పిడుగు హెడ్‌సెట్ పీకి నేల మీదికి విసిరింది. "నువ్వు కూడా! ఆవిడకూ నీకూ తేడా ఏముంది ఇక?"

తల్లి గోడకు ఆనుకుంది. హెడ్‌సెట్ పగల్లేదు. థెరపిస్టు వంగి దాన్ని తీసి, అద్దాలు తన కోటు అంచుతో తుడిచింది. తల్లి వైపు చూసింది. ఎత్తిపొడుస్తుందని తల్లి ఎదురుచూసింది. ఆవిడ ఎత్తిపొడవలేదు. అదే ఇంకా కోపం తెప్పించింది.

"అనండి," అంది తల్లి. "అనాలనుంది కదా. అనేయండి."

"ఏమనను? ఆ గొంతు నేను రోజూ వింటాను. రోజుకు ఇంతమంది పిల్లల దగ్గర." ఆమె హెడ్‌సెట్ బల్ల మీద పెట్టింది. "మొదటి రోజు మీకు అలా చెప్పి ఉండకూడదు. చెప్పిన మాట తప్పు కాదు. చెప్పిన తీరు తప్పు."

"మాట కూడా తప్పే," అంది తల్లి. "పొద్దున ఎనిమిదింటికి నా షిఫ్టు. మీరు అడగలేదు."

"అడగలేదు," అని ఒప్పుకుంది థెరపిస్టు.

అంతకు మించి వాళ్లిద్దరి మధ్య ఏమీ జరగలేదు. చేతులు పట్టుకోవడాలూ, కళ్లు తుడుచుకోవడాలూ లేవు. పిడుగు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయిందా మీ గొడవ? అది ఇలా ఇవ్వండి," అని కుడిచెయ్యి చాపింది.

"పిట్టల్ని కిందికి దించుతాను," అంది థెరపిస్టు. "సాయం కాదు. నీ చెయ్యి నీ చెయ్యే. పిట్టే కిందికి వస్తుంది. నీ పొట్ట ముందు ఎగురుతుంది. సరేనా?"

పిడుగు అనుమానంగా ఆలోచించింది. "అమ్మా, ఇందులో మోసం ఉందా?"

తల్లి టీవీ దగ్గరికెళ్లి చూసింది. పిల్ల చెయ్యి కదిపించి, టీవీలో చెయ్యి అంతే కదిలిందో లేదో రెండూ పోల్చి చూసింది. మళ్లీ కదిపించింది.

"లేదు," అంది. "పిట్ట కిందికొచ్చింది. అంతే."

ఎర్రపిట్ట ఒకటి తక్కువ ఎత్తులో ఎగురుకుంటూ వచ్చింది. పిడుగు మోచెయ్యి పొట్టను వదిలింది. భుజం ఎగరబోయి, దిగింది. పిడికిలి వణుకుతూ ముందుకొచ్చింది. వేళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. చూపుడువేలూ బొటనవేలూ మాత్రం విడివడ్డాయి. ఆ రెండు వేళ్ల మీద పిట్ట వాలింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఎక్కడిదాకా?" అంది పిడుగు.

"మోచెయ్యి సగం చాపావు. రెండు వేళ్లు తెరిచావు. పైకి మాత్రం లేవలేదు."

"గూడు?"

"గూడు చాలా పైన ఉంది. అందదు."

పిడుగు పిట్టను అలాగే పట్టుకుని నిలబడింది. చెయ్యి వణికీ వణికీ కిందికి జారింది. పిట్ట ఎగిరిపోయింది.

"పోతే పోయింది. ఇంకోటి పంపు," అంది.

తర్వాత ఏడాది పాటు చేతికి తోచినంత కదలిక వచ్చింది. ఛాతీ దాకా లేస్తుంది. ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుంటుంది, నిండుగా లేకపోతే. తలమీదికి ఎప్పటికీ లేవకపోవచ్చని పెద్ద డాక్టర్ చెప్పాడు. పిడుగు ఆయన్ని, "మీకెలా తెలుసు?" అని అడిగి ఇబ్బంది పెట్టింది. చొక్కా తనే వేసుకుంటుంది. గుండీల వరస ఇప్పటికీ తప్పుతుంది. సరి చేయనివ్వదు. తల్లి అలాగే వ్యాను ఎక్కిస్తుంది.

డైరెక్టర్ వేరే చోటికి వెళ్లిపోయాడు. ఆట మాత్రం సెంటరులో ఉంది. కొత్తగా వచ్చే చిన్నపిల్లలకు థెరపిస్టు ఇప్పటికీ సాయంతోనే మొదలెడుతుంది. తల్లికి అది నచ్చదు. నచ్చదని మొహం మీదే చెప్తుంది. "మీ నచ్చడంతో పిల్లల చేతులు కదలవు," అంటుంది ఆవిడ. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడితే పలకరింపుగా తల కూడా ఊపరు. సరాసరి వాదనలోకి దిగుతారు.

మొన్నొక మధ్యాహ్నం పిడుగు వంతు వచ్చేసరికి ముందు పిల్లవాడు ఇంకా ఆడుతున్నాడు. నాలుగేళ్లుంటాయి. ఇప్పుడు తల్లులను లోపల ఉండనిస్తున్నారు కాబట్టి, వాడి తల్లి టీవీ చూసి మురిసిపోతోంది. ఆట అయ్యాక వాడు హెడ్‌సెట్ తీసి, "నా చెయ్యి పైకి పోయింది!" అని గంతేయబోయాడు.

"పోలేదురా," అంది పిడుగు. "ఇంత పోయింది." కుడిచేతి వేళ్లతో కొలత చూపించింది. "మిగతాది సాయం. ఎంత పెట్టారో ఆవిడనడుగు. చెప్తుంది. చెప్పకపోతే నన్నడుగు."

పిల్లవాడు నోరు తెరిచి చూశాడు. వాడి తల్లి మొహం ఎర్రబడింది. కొడుకును చంకనెత్తుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ పిడుగు తల్లి ముందుకొచ్చి ఆగింది.

"మీ పిల్లకు నోరు కాస్త ఎక్కువే అయింది," అంది.

"అవునండీ," అంది తల్లి. ఏమనుకోవద్దని మాత్రం అనలేదు.